గర్భసంచి కేన్సర్: పైన అంకె సరే, కింద హారం ఏది?

"గర్భసంచి కేన్సరట" అన్న మాట చెవిన పడగానే అడగాల్సిన మొదటి ప్రశ్న: ముఖద్వారానిదా, లోపలి పొరదా? తెలుగులో రెంటికీ ఒకే పేరు చలామణీ అవుతోంది గానీ జబ్బులు వేరు. ముఖద్వారం కేన్సర్‌కి మూలం హెచ్‌పీవీ అనే వైరస్. దానికి టీకా ఉంది, ముందే పసిగట్టే పాప్ పరీక్ష ఉంది. లోపలి పొరని ఎండోమెట్రియం అంటారు. నెలనెలా రాలిపోయి మళ్లీ పెరిగేది అదే. దానికి వచ్చే కేన్సర్‌కి వైరస్‌తో పని లేదు, టీకా లేదు. ఏ లక్షణమూ లేని ఆడవాళ్లందరికీ చేయదగిన స్క్రీనింగూ లేదు. పాప్ రిపోర్టు నార్మల్ అని వస్తే ముఖద్వారం బాగున్నట్టే తప్ప, లోపలి పొర సంగతి అది చెప్పదు.

ఈ పేరు గజిబిజి మన ఒక్కరిదే అనుకోకండి, ప్రపంచ లెక్కల్లోనూ ఉంది. జబ్బులకు అంతర్జాతీయంగా వాడే కోడ్లలో ముఖద్వారం కేన్సర్ సి53, గర్భాశయ దేహానిది (ముఖద్వారం పైనున్న ప్రధాన భాగం, లోపలి పొర అందులోదే) సి54. వీటి పక్కనే సి55 అని ఇంకో గడి ఉంది. "గర్భాశయం, ఏ భాగమో రాయలేదు" అని దానర్థం. మరణ ధ్రువపత్రం మీద డాక్టరు ఉత్త "కేన్సర్ యుటెరస్" అని రాసి సంతకం పెడితే ఆ మరణం సి55లో పడుతుంది. ఆ గడిలో చేరిన మరణాల్ని తర్వాత గణాంక నిపుణులు వయసును బట్టి, ఇతర దేశాల పోలికను బట్టి రెండు జబ్బులకీ పంచుతారు. ఆ పంపకంలో ఏది ఎటు పోయిందన్నది కొంత అంచనాయే. అందుకే ఈ కేన్సర్ మరణాల రేటు ఒక దేశంలో తగ్గిందనో పెరిగిందనో వార్త వస్తే, అక్కడ సర్టిఫికెట్లు ఎంత శ్రద్ధగా రాస్తారో చూసుకుని నమ్మాలి. చనిపోయిన కారణం దగ్గర "గుండె, శ్వాస ఆగిపోవడం" అని రాసి చేతులు దులుపుకునే పత్రాలకు మన దగ్గర కొదవ లేదు.

ఇక అంకెలు. 2022కి గ్లోబోకాన్ అంచనా ప్రకారం ప్రపంచంలో ఏడాదికి దాదాపు 4 లక్షల 20 వేల మందికి గర్భాశయ దేహం కేన్సర్ కొత్తగా బయటపడింది, 97 వేలకు పైగా చనిపోయారు. వీటిలో అత్యధికం లోపలి పొర కేన్సర్లే, కండరంలో పుట్టే సార్కోమాలు కొద్ది. ఆడవాళ్లకు వచ్చే కేన్సర్లలో దీనిది ఆరో స్థానం. గ్లోబోకాన్ లెక్క కట్టేది ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఉన్న అంతర్జాతీయ కేన్సర్ పరిశోధనా సంస్థ. సియాటిల్ నుంచి వచ్చే గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ లెక్క వేరు, పద్ధతి వేరు. దాని 2019 అంచనా 4 లక్షల 35 వేల కొత్త కేసులు. మొదటి లెక్క నుంచి ఒక ఏడాది, రెండో లెక్క నుంచి ఇంకో ఏడాది తీసుకుని "తగ్గింది" అని రాసే వ్యాసాలు కనిపిస్తుంటాయి. ధోరణి చూడాలంటే ఒకే సంస్థ ఒకే విడతలో లెక్కగట్టిన వరసనే చూడాలి.

ఆ సియాటిల్ వరసలో 1990లో కొత్త కేసులు 1 లక్షా 87 వేలు. అంటే మూడు దశాబ్దాల్లో రెండింతలు దాటాయి. మరణాలు ఒకటిన్నర రెట్లకు పైగా పెరిగాయి. ఈ పెరుగుదలలో పెద్ద వాటా జనాభాది, ఆయుష్షుది. ఈ జబ్బు ఎక్కువగా 55 దాటాక వస్తుంది, ఆ వయసు దాకా బతికే ఆడవాళ్లు ఇప్పుడు చాలా ఎక్కువ. దాన్ని పక్కన పెట్టి చూడటానికే వయసు సవరించిన రేటు వాడతారు: ప్రతి వయసు గుంపులోనూ లక్షకి ఎందరికి వస్తోందో తీసి, అన్ని దేశాలకూ ఒకటే నమూనా జనాభా మీద వేసి కలుపుతారు. అలా సవరించాక కేసుల రేటు మెల్లగా పైకి, మరణాల రేటు మెల్లగా కిందికి పోతున్నట్టు కనబడుతుంది. 43 జనసమూహాల కేన్సర్ రిజిస్ట్రీల (కేసుల్ని నమోదు చేసే పట్టీల) లెక్కల్ని 1978 నుంచి 2013 దాకా పోల్చిన ఒక అధ్యయనంలో 26 చోట్ల రేటు పెరిగింది. వేగంగా పెరిగినవి దక్షిణాఫ్రికా, కొన్ని ఆసియా దేశాలు. ఇప్పటికీ రేటు ఎక్కువగా ఉన్నది ఉత్తర అమెరికా, ఉత్తర, తూర్పు యూరప్, పసిఫిక్ దీవుల్లో. తక్కువ ఉన్నది మధ్య ఆఫ్రికా, మన దక్షిణాసియా.

హారంలో ఉన్నదెవరు?

మన దగ్గర తక్కువ అన్నాం కదా, అసలు తిరకాసు ఇక్కడే.

రేటు అంటే భాగహారం. పైన జబ్బు పడ్డవాళ్లు, కింద జబ్బు పడే అవకాశం ఉన్నవాళ్లు. గర్భసంచి తీసేసిన మనిషికి గర్భసంచి కేన్సర్ రాదు. కానీ రిజిస్ట్రీలు కింద జనాభా లెక్కల్లోని ఆడవాళ్లందర్నీ వేస్తాయి, ఎవరికి గర్భసంచి ఉందో జనాభా లెక్కల్లో ఉండదు కాబట్టి. ఆపరేషన్లు కొద్దిగానే జరిగే దేశంలో ఇది పెద్ద తప్పు కాదు. మనది అలాంటి చోటు కాదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతం దరిదాపుల్లో, తెలంగాణలో 8 శాతం. ఈ జబ్బుకి అసలు లెక్కలోకి వచ్చేది 45 దాటినవాళ్లు. ఆ వయసు వాళ్లను చూసిన మరో జాతీయ సర్వేలో దేశ సగటు 11 శాతం పైన ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో దానికి రెట్టింపు.

ఒక ఊహా లెక్క వేద్దాం. 45 దాటిన ఆడవాళ్లు లక్ష మంది, ఏడాదిలో 10 కేసులు. కాగితం మీద రేటు లక్షకి 10. నూటికి 11 మందికి గర్భసంచి లేకపోతే హారం 89 వేలు, అసలు రేటు 11.2. నూటికి 23 మందికి లేకపోతే హారం 77 వేలు, అసలు రేటు 13. రిపోర్టులో రెండు రాష్ట్రాలూ 10 దగ్గరే సమానంగా కనిపిస్తాయి. గర్భసంచి ఉన్న మనిషికి ముప్పు మాత్రం సమానం కాదు. (ఈ సవరణా పూర్తిగా నిక్కచ్చి కాదు. ఎక్కువ రక్తస్రావం వల్ల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో కొందరు రేపటి కేన్సర్ రోగులే అయ్యుండొచ్చు. వాళ్లు అటు లవంలోనూ ఇటు హారంలోనూ లేకుండా పోయారు.)

అమెరికాలో ఈ సవరణ ఒక పెద్ద అపోహని బద్దలుకొట్టింది. అక్కడ నల్లజాతి ఆడవాళ్లలో ఈ కేన్సర్ తెల్లవాళ్లకంటే తక్కువని చాలా ఏళ్లు పాఠాల్లో చెప్పేవారు. నల్లజాతి ఆడవాళ్లకు ఫైబ్రాయిడ్ గడ్డలు ఎక్కువ, వాటి కోసం గర్భసంచి తీసేయడమూ ఎక్కువ. హారం సవరించి 2019లో వెలువడిన విశ్లేషణలో నల్లజాతి ఆడవాళ్ల రేటే పైకి వచ్చింది. అన్ని జాతుల్లోనూ సాధారణ రకం కంటే ఉగ్రమైన రకాలే పెరుగుతున్నాయని అందులోనే తేలింది.

కాబట్టి "గర్భసంచి తీసేస్తే కేన్సర్ భయం ఉండదు" అనే మాట, మన ఊళ్లలో 30, 35 ఏళ్ల వాళ్లకి కూడా చెప్పే ఆ మాట, అంకెల్ని పైకి బాగా చూపిస్తుంది. అంతకు మించి ఒరిగేదేమీ లేదు. అంత చిన్న వయసులో ఈ ముప్పు అత్యల్పం. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు ముందే మొదలవుతాయి. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అడ్డుకునే 2022 నాటి కేంద్ర మార్గదర్శకాల్ని అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని సుప్రీం కోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశించింది. అమలు గట్టిగా జరిగితే రాబోయే 20 ఏళ్లలో మన రాష్ట్రాల్లో ఈ కేన్సర్ రేటు కాగితం మీద పెరుగుతుంది. అప్పుడు ఎవరూ కంగారు పడనక్కర్లేదు, కాగితపు హారంలో మాత్రమే ఉన్నవాళ్లు అసలు హారంలోకీ వచ్చారన్నమాట.

ఎందుకు పెరుగుతోంది

మూలసూత్రం ఒకటే: ఈస్ట్రోజెన్ పొరని పెంచుతుంది, ప్రొజెస్టిరాన్ అదుపు చేస్తుంది. రెండోది లేకుండా మొదటిది ఏళ్ల తరబడి పనిచేస్తే పొర మందమై, కణాలు గతి తప్పి, కొందరిలో కేన్సర్‌గా మారుతుంది.

దీనికి రుజువు ఒక దేశం మొత్తం మీద ప్రయోగంలా జరిగిపోయింది. 1960ల్లో, 70ల మొదట్లో అమెరికాలో ముట్లుడిగిన ఆడవాళ్లకి ఈస్ట్రోజెన్ మాత్రలు ఒక్కటే, ప్రొజెస్టిరాన్ తోడు లేకుండా, విరివిగా రాసేవారు. ఎండోమెట్రియం కేన్సర్లు, ముఖ్యంగా పశ్చిమ తీరంలో, నిటారుగా పెరిగాయి. 1975 డిసెంబర్‌లో ఒకే వైద్య పత్రిక ఒకే సంచికలో రెండు పరిశోధనలు వచ్చాయి. సియాటిల్ బృందం ఆ మాత్రలు వాడినవాళ్లకి ముప్పు 4.5 రెట్లు అంది, లాస్ ఏంజిలిస్ బృందం 7.6 రెట్లు అంది. ప్రిస్క్రిప్షన్లు పడిపోయాయి, కొద్ది ఏళ్లలోనే కేసులూ దిగాయి. కేన్సర్ చరిత్రలో కారణం తీసేయగానే రేటు ఇంత త్వరగా దిగిన ఉదాహరణలు బహు తక్కువ. తర్వాత ప్రొజెస్టిరాన్ కలిపి ఇవ్వడం మొదలైంది. 2002లో మరో పెద్ద పరీక్ష ఫలితాలతో ఆ జంట మాత్రల వాడకమూ ఒక్కసారిగా తగ్గింది. ఈసారి ఎండోమెట్రియం కేన్సర్ తగ్గలేదు సరికదా, కొంత పెరిగింది. ప్రొజెస్టిరాన్ వేసిన కళ్లెం తీసేసినట్టయింది.

ఇప్పటి ఈస్ట్రోజెన్ మందుల షాపు నుంచి రావడం లేదు, ఒంట్లోని కొవ్వు నుంచి వస్తోంది. ముట్లు ఆగిపోయాక అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారీ ఆపేస్తాయి గానీ కొవ్వు కణాల్లో ఉండే అరోమటేజ్ అనే ఎంజైము వేరే హార్మోన్లని ఈస్ట్రోజెన్‌గా మారుస్తూనే ఉంటుంది. బరువు ఎక్కువైతే రక్తంలో ఇన్సులిన్ పెరుగుతుంది, ఈస్ట్రోజెన్‌ని కట్టిపడేసే ప్రొటీన్ తగ్గుతుంది. ఆ వయసులో ప్రొజెస్టిరాన్ ఎలాగూ లేదు. బీఎమ్ఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చూసే కొలత) 5 పెరిగిన కొద్దీ ముప్పు దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. బీఎమ్ఐ 40 దాటితే 7 రెట్లు. బరువుతో ఇంత గట్టి ముడి ఉన్న కేన్సర్ మరొకటి లేదు. షుగర్ ఉన్నవాళ్లకి ముప్పు రమారమి రెట్టింపు. పీసీఓఎస్ అనే అండాశయాల హార్మోన్ సమస్యలో చాలా నెలలు అండం విడుదల కాదు, అండం విడుదల కాకపోతే ప్రొజెస్టిరాన్ తయారు కాదు. అందుకే మూడు నెలలు, ఆరు నెలలు ముట్టు రాకుండా ఉండిపోవడాన్ని "హమ్మయ్య" అని వదిలేయకూడదు. మాత్రలతోనైనా మూడు నెలలకోసారి పొర రాలిపోయేలా చూడాలి.

అన్నిటినీ బరువు మీదికే నెడితే జపాన్ అర్థం కాదు. అక్కడ ఊబకాయం తక్కువ, అయినా కేసులు పెరిగి, ముఖద్వారం కేన్సర్‌ని దాటిపోయాయి. పిల్లల్ని కనడం తగ్గింది, కన్నా ఆలస్యంగా కంటున్నారు. గర్భం దాల్చిన తొమ్మిది నెలలూ ప్రొజెస్టిరాన్ రాజ్యమే, ప్రతి కాన్పూ పొరకి రక్షణే. ఆ రక్షణ సగానికి సగం పోయింది.

గర్భనిరోధక మాత్రలు దీనికి విరుగుడు. 2015లో ఎన్నో దేశాల అధ్యయనాల్ని కలిపి చేసిన విశ్లేషణ ప్రకారం, మాత్రలు వాడిన ప్రతి ఐదేళ్లకీ ముప్పు సుమారు పావు వంతు తగ్గుతుంది, ఆపేశాక కూడా 30 ఏళ్లకు పైగా ఆ రక్షణ ఉంటుంది. ధనిక దేశాల్లో 50 ఏళ్లలో 4 లక్షల కేసులు ఇలా తప్పాయని అంచనా. మనకి ఈ లాభం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషనే. పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లు, మాత్రలు వాడేవాళ్లు 1 శాతం కూడా ఉండరు. గొట్టాలు ముడేస్తే అండం వెళ్లే దారి మూసుకుపోతుంది గానీ హార్మోన్ల తూకం మారదు. దీనికి తోడు కాన్పుల సగటు ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8కి దిగింది. బీఎమ్ఐ 25 దాటిన ఆడవాళ్లు ఆంధ్రలో 36 శాతం, తెలంగాణలో 30, దేశ సగటు 24. షుగర్ సంగతి చెప్పక్కర్లేదు. గర్భసంచి ఆపరేషన్లనే తెర తీసి చూస్తే, దేశంలో ఈ జబ్బు పెరగడానికి ఇంతకంటే అనువైన నేల వెతకడం కష్టం.

ఒక విచిత్రం. పొగ తాగేవాళ్లకి ఈ కేన్సర్ ముప్పు కొంచెం తక్కువ, పొగాకు ఈస్ట్రోజెన్‌ని తగ్గిస్తుంది కాబట్టి. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే ముసలమ్మలకి ఇది చెప్పి ప్రయోజనం లేదు, అంగిలి మీద వచ్చే కేన్సర్‌తో ఆ లెక్క ఎప్పుడో చెల్లిపోతుంది.

చనిపోయేవాళ్లెందుకు చనిపోతున్నారు

2025కి అమెరికా అంచనాలో కొత్త కేసులు 69 వేలు, మరణాలు దాదాపు 14 వేలు. వందకి 20. మన దేశానికి 2020 అంచనాలో కేసులు 16 వేల పైచిలుకు, మరణాలు 6 వేల పైచిలుకు. వందకి 39. ఈ నిష్పత్తి బతికే అవకాశానికి నేరుగా కొలత కాకపోయినా మోటు లెక్కకి పనికొస్తుంది. మనకి కేసులు తక్కువ, వచ్చినవాళ్లలో పోయేవాళ్లు రెట్టింపు. జబ్బు గర్భసంచి దాటనప్పుడు దొరికితే ఐదేళ్లు బతికేవాళ్లు నూటికి 95 మంది, దూరపు అవయవాలకి పాకాక దొరికితే 20 కూడా ఉండరు. అంత తేడా తెచ్చేవాటిలో ముఖ్యమైనది మొదటి మరక కనబడిన రోజుకీ బయాప్సీ (ముక్క తీసి పరీక్షించే) రోజుకీ మధ్య గడిచిన కాలం.

ఎందుకంటే ఈ జబ్బు దాక్కోదు. ముట్లుడిగాక వచ్చినవాళ్లలో నూటికి 90 మందికి రక్తం కనబడుతుంది. 12 నెలలు ముట్టు రాకుండా ఉండి, ఆ తర్వాత ఒక్క చుక్క కనబడినా, గోధుమ రంగు మరకైనా, నీళ్లలాంటి ఎర్రబట్టైనా చూపించుకోవాలి. అలా వచ్చిన పదిమందిలో తొమ్మిది మందికి కేన్సర్ ఉండదు, పొర పల్చబడి ఎండిపోవడమో, పాలిప్ అనే చిన్న కండ పెరగడమో అయ్యుంటుంది. మిగిలిన ఆ ఒక్కరి కోసమే పరీక్ష. మన ఇళ్లలో జరిగేది వేరు. "వేడి చేసింది" అంటారు. "ముట్టు మళ్లీ మొదలైంది, ఇంకా వయసుంది" అని నవ్వుకుంటారు. మందుల షాపులో రక్తం ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు కొనుక్కుంటారు. రక్తం ఆగుతుంది, జబ్బు ఆగదు, నెలలు గడుస్తాయి.

మొదటి పరీక్ష టీవీఎస్, అంటే యోని ద్వారా చేసే స్కాన్. మూత్రం నిండా పట్టి పొట్ట మీద చేసే స్కాన్‌తో పొర మందం నమ్మకంగా కొలవలేరు. టీవీఎస్‌కి మూత్రాశయం ఖాళీగా ఉండాలి. గర్భాశయాన్ని నిలువుగా చూస్తూ రెండు పొరలూ కలిపి, అత్యంత మందమైన చోట కొలుస్తారు. మధ్యలో నీరుంటే దాన్ని కలపరు. ముట్లుడిగాక రక్తం కనబడినవాళ్లలో మందం 4 మిల్లీమీటర్లు లేదా అంతకు తక్కువైతే కేన్సర్ ఉండే అవకాశం నూటికి ఒకటి కంటే తక్కువ. అయితే ఈ 4 గీతని గుడ్డిగా నమ్మితే దెబ్బతినే సందర్భాలున్నాయి. ఫైబ్రాయిడ్ గడ్డలు అడ్డొచ్చి పొర మొత్తం కనబడకపోతే ఆ కొలత కొలతే కాదు. ఉగ్రమైన సీరస్ రకం పల్చటి పొరలోనూ పుడుతుంది. అమెరికా నల్లజాతి ఆడవాళ్ల మీద 2024లో వచ్చిన పరిశోధనలో, కేన్సర్ ఉన్న ప్రతి పదిమందిలో ఇంచుమించు ఒకరిని ఈ స్కాన్ గీత వదిలేసింది. అందుకే పొర 3 మిల్లీమీటర్లే ఉన్నా, రక్తం మళ్లీ కనబడితే బయాప్సీ చేయాల్సిందే.

బయాప్సీ అంటే పెద్ద ఆపరేషన్ అనుకుని భయపడతారు. పైపెల్ అనేది 3 మిల్లీమీటర్ల సన్నటి ప్లాస్టిక్ గొట్టం. ఓపీలోనే, మత్తు లేకుండా, ముఖద్వారం గుండా లోపలికి పంపి, లోపలి కడ్డీ వెనక్కి లాగితే పీల్పుకి పొర ముక్కలు గొట్టంలోకి వస్తాయి. పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి కొద్ది నిమిషాలు ఉంటుంది. గంట ముందు నొప్పి మాత్ర వేసుకుంటే చాలామందికి సరిపోతుంది. దీని బలహీనత, ఒకే చోట ఉన్న చిన్న పాలిప్‌ని తప్పించుకుని పోవచ్చు. "శాంపిల్ చాలలేదు" అని రిపోర్టు వస్తే అది "నార్మల్" అన్నమాట కాదు. పొర మందంగా ఉన్నా, రక్తం ఆగకపోయినా తర్వాతి మెట్టు హిస్టరోస్కోపీ, లోపలికి కెమెరా పెట్టి చూస్తూ ముక్క తీయడం. కళ్లు మూసుకుని పొరని గీకి తీసే డి అండ్ సి కన్నా అది మేలు.

ముట్లు ఆగనివాళ్లలో 45 దాటి క్రమం తప్పిన రక్తస్రావం ఉంటే బయాప్సీ చేయాలి. 45 లోపువాళ్లకి ఊబకాయమో పీసీఓఎస్సో ఉన్నా, మందులకి లొంగకపోయినా అంతే. రొమ్ము కేన్సర్‌కి టామోక్సిఫెన్ వాడేవాళ్లకి ముట్లుడిగి ఉంటే ముప్పు రెండు నుంచి నాలుగు రెట్లు. అయినా రక్తం కనబడనంత వరకు వాళ్లకి ఏటా స్కాన్ చేయించడం వృథా. ఆ మందు కేన్సర్ లేకుండానే పొరని మందంగా చూపిస్తుంది, దాంతో అనవసరపు బయాప్సీలు మొదలవుతాయి.

బయాప్సీలో "హైపర్‌ప్లేసియా" (పొర అతిగా పెరగడం) అని వస్తే పక్కన "ఎటిపియా" (కణాల రూపు గతి తప్పడం) ఉందో లేదో చూడండి. ఎటిపియా లేకపోతే 20 ఏళ్లలో కేన్సర్‌గా మారేది 5 శాతం లోపే, ప్రొజెస్టిరాన్ రకం హార్మోన్‌ని వదిలే లూప్ గర్భసంచిలో పెడితే చాలామందికి తగ్గుతుంది. ఎటిపియా ఉంటే, ఆపరేషన్ చేసి చూసినప్పుడు మూడోవంతు మందిలో అప్పటికే కేన్సర్ ఉంటోంది.

మన రాష్ట్రాలకు ప్రత్యేకమైన పొరపాటు ఇక్కడ జరుగుతుంది. రక్తస్రావం అనగానే బయాప్సీ లేకుండా నేరుగా గర్భసంచి తీసేయడం. తీశాక పాథాలజీకి పంపకపోవడం, లేదా పంపినా రిపోర్టు తెచ్చుకోకపోవడం. అందులో కేన్సర్ ఉందని ఆలస్యంగా తెలిస్తే, అండాశయాలు, లింఫ్ గ్రంథులు చూడకుండా చేసిన ఆపరేషన్‌కి మళ్లీ ఆపరేషనో రేడియేషనో కావాలి. లాపరోస్కోపీలో గర్భసంచిని లోపలే మరతో ముక్కలు చేసి తీస్తే, కేన్సర్ ఉన్నట్టయితే కడుపంతా చల్లినట్టే. (ముక్కలు చేయకుండా తీసే లాపరోస్కోపీ ఈ కేన్సర్‌కి నిక్షేపంగా పనికొస్తుంది, పొట్ట కోసి చేసినంత ఫలితమూ ఇస్తుంది. ముఖద్వారం కేన్సర్‌కి మాత్రం అది నష్టమని 2018లో తేలింది. పేరు ఒకటైనా జబ్బులు వేరన్నది ఇక్కడ కూడా.)

తీసిన గర్భసంచిని మూత బిగించిన డబ్బాలో మూసినట్టే ఉంచితే ఫార్మాలిన్ లోపలి పొర దాకా చేరదు, ఆ పొరే ముందు కుళ్లుతుంది. పక్కల వెంట కోసి పుస్తకంలా తెరిచి, దాని పరిమాణానికి పదింతల ఫార్మాలిన్‌లో వేయాలి. ఈ చిన్న పని జరగకపోతే తర్వాత చేయాల్సిన ప్రొటీన్ పరీక్షలు సరిగా రావు. ఇప్పుడు వైద్యం ఆ పరీక్షల మీదే నడుస్తోంది. 2013లో జన్యుపరంగా ఈ కేన్సర్‌ని నాలుగు గుంపులు చేశారు. పోల్ అనే జన్యువులో మార్పు ఉన్న గుంపు చూడ్డానికి ఉగ్రంగా ఉన్నా చాలా బాగా కోలుకుంటుంది. పీ53 అనే ప్రొటీన్ చెడిన గుంపు కేసుల్లో 15 శాతమే, మరణాల్లో సగానికి పైగా దానివే. 2023 నాటి కొత్త దశల పద్ధతిలో, పీ53 చెడిన కేన్సర్ గర్భసంచి దాటకపోయినా, కండరంలోకి కొంచెం దిగితే చాలు రెండో దశ కింద లెక్క. కాబట్టి 2023కి ముందు "మొదటి దశలో దొరికినవాళ్లు ఇంతమంది" అన్న అంకెనీ ఆ తర్వాతి అంకెనీ పక్కపక్కన పెట్టి ధోరణి తీయకండి.

మరో గుంపు డీఎన్‌ఏ తప్పుల్ని దిద్దే ప్రొటీన్లు లోపించినది. ఎమ్‌ఎల్‌హెచ్1, పీఎమ్‌ఎస్2, ఎమ్‌ఎస్‌హెచ్2, ఎమ్‌ఎస్‌హెచ్6 అనే నాలుగింటినీ రంగు వేసి చూస్తారు. ముదిరిన జబ్బులో కీమోకి ఇమ్యునోథెరపీ (ఒంటి రక్షణ వ్యవస్థని కేన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు) జోడిస్తే ఎక్కువ లాభపడేది ఈ గుంపేనని 2023లో వచ్చిన రెండు పెద్ద పరీక్షలు చూపించాయి. వీళ్లలో కొందరిది వంశంలో వచ్చే లించ్ సిండ్రోమ్. మొత్తం ఎండోమెట్రియం కేన్సర్లలో దాని వాటా 3 శాతం చొప్పున ఉంటుంది. పెద్దపేగు కేన్సర్ కూడా ఆ కుటుంబాల్లోనే తిరుగుతుంది. డిశ్చార్జి రోజున బిల్లుతో పాటు పాథాలజీ రిపోర్టు, బ్లాక్ (తీసిన ముక్కని మైనంలో పొదిగి దాచేది) నంబరు అడిగి తీసుకోండి. మైనపు బ్లాకులు ఎన్నేళ్లు దాస్తారో ల్యాబులో కనుక్కోండి, పారేసే ముందు ఇమ్మని అడిగి చూడండి. పదేళ్ల తర్వాత చెల్లెలికో కూతురికో పెద్దపేగులో గడ్డ కనబడితే, ఏ జన్యువు వెతకాలో చెప్పగలిగేది ఆ బ్లాకే.